గూగుల్ ఫారమ్స్‌తో తరగతి పరీక్షలు: ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

స్లిప్ టెస్టును కాగితం మీద కాకుండా ఫోన్‌లో పెట్టాలనుకున్న ఉపాధ్యాయులకు మొదటి రోజుల్లో వచ్చే సందేహాలు దాదాపు ఒక్కటే. శిక్షణ తరగతుల్లో, స్టాఫ్ రూముల్లో, ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల, వాటిని పని జరిగే క్రమంలో ఇక్కడ ఒకచోట చేర్చాను. ప్రతి సమాధానాన్నీ విడిగా చదువుకోవచ్చు. నేను ఎక్కువగా వాడేది, ఆన్‌లైన్‌లో ప్రశ్నలు పంపి జవాబులు సేకరించే గూగుల్ ఫారమ్స్ కాబట్టి వివరాలు దానికి సంబంధించినవే. మైక్రోసాఫ్ట్ ఫారమ్స్‌లో ముఖ్యమైన తేడా ఉన్నచోట ఆ మాట చెప్పాను. మెనూల పేర్లను తెరపై ఇంగ్లీషులో ఎలా కనిపిస్తాయో అలాగే తెలుగు లిపిలో రాశాను.

## మొదలుపెట్టే ముందు

మామూలు ఫారానికీ క్విజ్‌కూ తేడా ఏమిటి?

మామూలు ఫారం సమాధానాలను సేకరించి ఊరుకుంటుంది. క్విజ్ వాటిని మీరిచ్చిన కీతో సరిపోల్చి మార్కులు వేస్తుంది. కొత్త ఫారం తెరిచి, సెట్టింగ్స్‌లో "మేక్ దిస్ ఎ క్విజ్" అన్న మీటను ఆన్ చేస్తే, ప్రతి ప్రశ్న అడుగున "ఆన్సర్ కీ" అన్న లింకు కనిపిస్తుంది. సరైన సమాధానం, మార్కులు, విద్యార్థికి చూపవలసిన వివరణ అన్నీ అక్కడే ఇవ్వాలి. కీ ఇవ్వడం మరిచిపోయిన ప్రశ్నకు మార్కులు పడవు కాబట్టి, పంపే ముందు ప్రతి ప్రశ్ననూ ఒకసారి తెరిచి చూసుకోవాలి.

ఏ పరీక్షలకు ఇది పనికొస్తుంది? దేనికి పనికిరాదు?

పాఠం అయిపోయిన రోజు పెట్టే చిన్న బిట్ పేపరుకు, యూనిట్ మొదలుపెట్టే ముందు పిల్లలకు ఏం తెలుసో చూసుకోవడానికి, నిర్మాణాత్మక మూల్యాంకనానికి ముందు చేయించే సాధనకు ఇది ఎంతో అనువైనది. నలభై కాగితాలు దిద్దడానికి పట్టే సాయంత్రం మిగలడం ఒక లాభమే కానీ, అసలు లాభం అది కాదని నా అభిప్రాయం. ఏ ప్రశ్న దగ్గర తరగతి మొత్తం తడబడిందో, ఏ తప్పు సమాధానం వైపు ఎక్కువ మంది మొగ్గారో అదే సాయంత్రం తెలియడం వల్ల, మర్నాటి పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో ఉపాధ్యాయుడికి స్పష్టమవుతుంది.

అయితే వ్యాసం, ఉత్తరం, జ్యామితీయ నిర్మాణం, పటం గుర్తింపు, అంచెలంచెలుగా చేయవలసిన లెక్క వంటివి చేతిరాతతో కాగితం మీద చేయవలసినవే. పదవ తరగతి పబ్లిక్ పరీక్ష పెన్నుతో రాసేది కనుక, ఏడాది పొడవునా ఫోన్‌లో బిట్లు గుర్తించడమే అలవాటైన పిల్లవాడు సమాధానపత్రం ముందు ఇబ్బంది పడతాడు. ర్యాంకులు, బహుమతులు, ప్రవేశాలు ముడిపడిన పరీక్షలను ఇంటి దగ్గర ఫారం మీద పెట్టవద్దనే నా సలహా.

దీనికి డబ్బు కట్టాలా? నా సొంత జీమెయిల్ చాలా?

డబ్బు కట్టనక్కరలేదు, సొంత జీమెయిల్ చాలు. కాకపోతే ఫారం, దానికి వచ్చిన సమాధానాలు మీ గూగుల్ డ్రైవ్‌లోనే ఉంటాయి కాబట్టి, మీకు బదిలీ అయినా, ఖాతా పాస్‌వర్డు పోయినా పాఠశాలకు అవి అందకుండా పోతాయి. అదే సబ్జెక్టు చెప్పే మరో ఉపాధ్యాయుడిని మొదటి రోజే సహ సంపాదకుడిగా చేర్చుకోవడం మంచిది.

పిల్లలందరికీ జీమెయిల్ ఉండాలా?

అవసరం లేదు. ఈమెయిల్ సేకరణను "డు నాట్ కలెక్ట్" అని ఉంచి, "లిమిట్ టు 1 రెస్పాన్స్" ఆఫ్ చేస్తే ఖాతా లేనివారు కూడా రాయగలరు. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న ఒక్కటి పెట్టినా అందరూ గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ కావలసి వస్తుంది. పైగా ఆ ఫైళ్లన్నీ మీ ఖాతాలోని 15 జీబీ ఉచిత నిల్వలోకి వచ్చి చేరతాయి.

మా తరగతిలో చాలామంది ఇళ్లలో స్మార్ట్ ఫోన్ లేదు. అయినా ఇలాంటి పరీక్ష పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ ఫోన్ లేని పిల్లవాడు ఆ కారణంగా వెనకబడకుండా ముందు ఏర్పాటు చేసి, ఆ తర్వాతే పెట్టాలి. బడిలో కంప్యూటర్ ల్యాబ్ ఉంటే తరగతిని జట్లుగా విడదీసి, ఒక జట్టు ల్యాబ్‌లో రాస్తుండగా మిగిలినవారికి పుస్తకం పని ఇవ్వవచ్చు. ల్యాబ్ లేకపోతే అదే ఫారాన్ని ప్రింట్ తీసి కాగితం మీద రాయించి, ఆ సమాధానాలను మీరే ఫారంలో నమోదు చేయవచ్చు. పది బిట్లు నమోదు చేయడానికి ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టదు, తరగతి మొత్తం ఫలితం ఒకేచోట కనిపిస్తుంది.

పిల్లల చేతిలో ఒక్క ఫోన్ కూడా లేని తరగతికి ప్లికర్స్ అనే సాధనం మరింత తగినది. దానిలో ప్రతి విద్యార్థికీ ప్రత్యేకమైన గుర్తు అచ్చువేసిన ఒక కాగితపు కార్డు ఉంటుంది. తాను ఎంచుకున్న సమాధానాన్ని బట్టి కార్డును తిప్పి పైకెత్తి పట్టుకుంటే, ఉపాధ్యాయుడు తన ఒక్క ఫోన్ కెమెరాతో తరగతి మొత్తాన్నీ చదివేయవచ్చు. ఎవరు ఏ సమాధానం చూపారో పక్కవారికి అర్థం కాదు కాబట్టి, మాట్లాడడానికి బిడియపడే పిల్లలు కూడా నిర్భయంగా పాల్గొంటారు. నాకు ఇది అన్నింటికన్నా నచ్చడానికి కారణం అదే.

## ప్రశ్నలు తయారుచేసేటప్పుడు

పాత ప్రశ్నపత్రం నుంచి తెలుగు కాపీ చేస్తే అర్థం లేని గుర్తులు పడుతున్నాయి. ఎందుకు?

డీటీపీ సెంటర్లలో తయారైన పాత ప్రశ్నపత్రాల్లో చాలా వాటిని "అను" వంటి, యూనికోడ్ (అన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో తెలుగు చదవడానికి వీలైన ప్రామాణిక పద్ధతి) కాని ఫాంట్లలో టైపు చేశారు. ఆ పద్ధతిలో ఫైలులో నిజంగా ఉండేవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు తెలుగు ఆకారం తొడిగినవి. ఆ ఫాంటు లేని చోట అతికించగానే తొడుగు పోయి లోపలి గుర్తులు బయటపడతాయి. ఇలాంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే ఒత్తులు, వట్రసుడి, సంయుక్తాక్షరాల దగ్గర అవి తరచు పొరపాటు పడతాయి కాబట్టి, మార్చిన ప్రతి వాక్యాన్నీ చదివి సరిచూసుకోవాలి. పది ప్రశ్నలే అయితే ఫోన్‌లో జీబోర్డు తెలుగు కీబోర్డుతో మళ్లీ టైపు చేయడమే త్వరగా తెమిలే పని. ప్రశ్నపత్రాన్ని ఫొటో తీసి అతికించడం సులువుగా తోచినా, చిన్న తెర మీద అది సరిగా కనబడదు. చూపు లేని విద్యార్థి ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ ఆ బొమ్మలోని ప్రశ్నను చదవలేదు.

పిల్లవాడు ఒక్క మాటలో సరైన జవాబే రాశాడు, అయినా సున్నా పడింది. ఏం జరిగింది?

షార్ట్ ఆన్సర్ ప్రశ్నలో ఫారం అర్థాన్ని చూడదు, కీలో ఉన్న అక్షరాలతో జవాబు అచ్చంగా సరిపోయిందా లేదా అన్నదే చూస్తుంది. కీలో "ఆక్సిజన్" అని ఉంటే "ఆక్సీజన్" తప్పవుతుంది, "ప్రాణవాయువు" కూడా తప్పవుతుంది. "సవర్ణదీర్ఘ సంధి" అని మధ్యలో ఖాళీ విడిచి కీ ఇస్తే, కలిపి రాసిన పిల్లవాడికి మార్కు పోతుంది. తెలుగులో ఇంకొక చిక్కు కూడా ఉంది: పొల్లు పక్కన ఒత్తు పడకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. చూడడానికి రెండు మాటలూ ఒకేలా ఉన్నా, కంప్యూటరుకు అవి వేర్వేరు.

దీనికి మూడు ఉపాయాలు ఉన్నాయి. కీలో ఒకే జవాబు కాకుండా, పిల్లలు రాయగల రూపాలన్నింటినీ చేర్చవచ్చు. "మార్క్ ఆల్ అదర్ ఆన్సర్స్ ఇన్‌కరెక్ట్" అన్న గుర్తును పెట్టకుండా ఉంటే, కీతో కలవని జవాబులు మీరు చూసి దిద్దడానికి మిగిలి ఉంటాయి. లేదా జవాబు అంకెల్లో వచ్చేలా ప్రశ్ననే మార్చవచ్చు. అప్పుడు కూడా ప్రమాణం రాయనక్కరలేదని ప్రశ్నలోనే చెప్పి, 2.5, 2.50 రెండింటినీ కీలో ఇవ్వడం క్షేమం. పిల్లవాడికి తెలిసి కూడా యంత్రం వల్ల మార్కు పోతే, వాడికి పరీక్ష మీద ఉన్న నమ్మకం పోతుంది. అందువల్ల ఒక్క మాట జవాబులను యంత్రానికే పూర్తిగా వదిలేయకూడదు.

నాలుగు ఆప్షన్లలో తప్పు ఆప్షన్లు మూడు ఎలా రాయాలి? ఎప్పుడూ అవే తడతాయి.

మీ పిల్లల నోటు పుస్తకాలే దీనికి మంచి ఆధారం. 2/5 + 1/3 ఎంత అన్న ప్రశ్నకు సరైన జవాబు 11/15. లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడేసే పిల్లవాడికి 3/8 వస్తుంది. ఉమ్మడి హారం 15 అని తెలిసినా లవాలను మార్చకుండా కూడేవాడికి 3/15 వస్తుంది. ఈ రెండూ ఆప్షన్లలో ఉంటే, ఎవరు ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి ఎవరికి ఏ మెట్టు దగ్గర అర్థం కాలేదో తెలుస్తుంది. వాటి బదులు నోటికొచ్చిన మూడు సంఖ్యలు రాస్తే తప్పు చేశాడని తెలుస్తుందే తప్ప, ఎందుకు చేశాడో తెలియదు.

సాంఘిక శాస్త్రంలోనూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తేదీ అడిగినప్పుడు 1956 నవంబరు 1 పక్కన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1, తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 ఉంటే, పిల్లలు దేనిని దేనితో కలగలుపుతున్నారో బయటపడుతుంది. తెలుగు వ్యాకరణంలో "మహేంద్రుడు" ఏ సంధి అన్నప్పుడు గుణసంధి పక్కన సవర్ణదీర్ఘ, వృద్ధి, యణాదేశ సంధులను ఉంచడం సహజమే. కానీ జవాబు తప్పినవారికి ఆ పదాన్ని మహా, ఇంద్రుడు అని విడదీసి చూపే వివరణ కూడా జత చేస్తేనే ఆ ప్రశ్న నేర్పే ప్రశ్న అవుతుంది. మరొక జాగ్రత్త: సరైన ఆప్షన్ మాత్రమే పొడుగ్గా, వివరంగా ఉండకూడదు. పాఠం చదవని పిల్లలు కూడా దాన్ని పట్టేస్తారు.

"పైవన్నీ" అన్న ఆప్షన్ పెట్టవచ్చా?

ఆప్షన్ల క్రమాన్ని కలగలిపే "షఫుల్ ఆప్షన్ ఆర్డర్" ఆన్‌లో ఉంటే పెట్టకూడదు. ఎందుకంటే "పైవన్నీ" అన్నది కొందరికి మొదటి వరుసలో కనిపించి, పైన ఏమీ లేకుండా పోతుంది. దాని బదులు "ఇక్కడ ఇచ్చినవన్నీ" అని రాయవచ్చు. అసలు అలాంటి ఆప్షన్ లేకుండా ప్రశ్న రాయగలిగితే ఇంకా మంచిది.

రెండు సరైన జవాబులున్న ప్రశ్నలో ఒకటి మాత్రమే గుర్తించిన వారికి సగం మార్కు వస్తుందా?

రాదు. చెక్‌బాక్సెస్ రకంలో సరైనవన్నీ గుర్తించి, తప్పువి ఏవీ గుర్తించకపోతేనే పూర్తి మార్కు వస్తుంది, లేకపోతే సున్నా. సగం మార్కు ఇవ్వాలనుకుంటే ఫలితాలు వచ్చాక మీరు చేత్తో సవరించాలి. లేదా ప్రశ్నను రెండు మూడు వేర్వేరు ఒప్పు, తప్పు ప్రశ్నలుగా విడదీయాలి.

లెక్కల గుర్తులు, భిన్నాలు, వర్గమూలాలు ఎలా రాయాలి?

(−3)² వంటి చిన్న ఘాతాంకాలను, డిగ్రీ గుర్తును నేరుగా టైపు చేయవచ్చు లేదా వేరేచోటి నుంచి అతికించవచ్చు. పెద్ద సమీకరణాన్ని మరోచోట రాసుకుని, బొమ్మగా కత్తిరించి ప్రశ్నకు జతచేయాలి. ఆప్షన్లకు కూడా బొమ్మలు పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఫారమ్స్‌లో సమీకరణాలు రాసే సదుపాయం విడిగా ఉన్నందువల్ల గణిత ఉపాధ్యాయులు దాన్ని కూడా ఒకసారి చూడవచ్చు.

ప్రతి ప్రశ్ననూ తప్పనిసరి చేయాలా?

రోల్ నంబరును మాత్రం తప్పనిసరి చేయాలి. మిగతా ప్రశ్నలకు "రిక్వైర్డ్" పెడితే, జవాబు తెలియని పిల్లవాడు ఏదో ఒకటి నొక్కి ముందుకు వెళ్లక తప్పదు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు ఇరవై ఉంటే, ఏమీ చదవకుండా గుడ్డిగా నొక్కినా సగటున ఐదు మార్కులు వస్తాయి. ఆ ఐదు మార్కులు పిల్లవాడినీ మిమ్మల్నీ ఇద్దరినీ మభ్యపెడతాయి. ఖాళీగా వదిలేయడం అనుమతించండి. పాఠానికి ముందు పెట్టే పరీక్షలో అయితే "నాకు ఇంకా అర్థం కాలేదు" అన్న ఆప్షన్‌నే ఒకటి చేర్చండి. దాన్ని ఎంచుకున్నందుకు ఎవరినీ ఏమీ అనబోమని తరగతిలో ముందే మాట ఇస్తే, పిల్లలు నిజాయతీగా గుర్తిస్తారు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగులో కూడా ప్రశ్న ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. పాఠ్యపుస్తకాలే రెండు భాషల్లో పక్కపక్కన వస్తున్నప్పుడు, పరీక్షలో ఒక భాషను తీసేయడానికి కారణం కనబడదు. ప్రశ్నను ఒక భాషలో రాసి, వివరణ పెట్టెలో రెండో భాషలో రాయండి. ఆప్షన్లలో రెండు రూపాల మధ్య గీత పెట్టండి. సైన్సు ప్రశ్న తప్పినప్పుడు అది సైన్సు రాక తప్పిందా, ఇంగ్లీషు అర్థంకాక తప్పిందా అన్నది ఇలా చేస్తేనే తెలుస్తుంది.

ఒక పరీక్షలో ఎన్ని ప్రశ్నలు ఉండాలి?

ఫోన్‌లో రాసేదైతే పది నుంచి పదిహేను చాలు. అంతకు మించితే చివరి ప్రశ్నలకు వచ్చే జవాబులు అలసటను చూపుతాయి, తెలివిని కాదు.

తప్పు చేసినవారికి అక్కడికక్కడే మళ్లీ వివరించి, ఇంకో అవకాశం ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. మల్టిపుల్ ఛాయిస్, డ్రాప్‌డౌన్ రకాల ప్రశ్నలకు "గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్" అన్న సదుపాయం ఉంది. సరైన జవాబు ఎంచుకున్నవారిని తర్వాతి ప్రశ్నకు, తప్పు ఎంచుకున్నవారిని వివరణ, బొమ్మ లేదా చిన్న వీడియో ఉన్న సెక్షన్‌కు పంపి, అక్కడ అలాంటిదే మరో ప్రశ్న అడగవచ్చు. వివరణ సెక్షన్ చివర ఎక్కడికి వెళ్లాలో విడిగా సెట్ చేయకపోతే పిల్లలు తప్పుదారిలో తిరుగుతారు. కాబట్టి మొదట కాగితం మీద దారులన్నీ గీసుకుని, తర్వాతే ఫారం తయారుచేయాలి. రెండు మూడు ప్రశ్నలకు మించి ఇలా చేయడం చాలా శ్రమ. అందరూ తడబడే ఒక్క భావనకు చేస్తే చాలు.

కృత్రిమ మేధతో ప్రశ్నలు రాయించుకోవచ్చా?

ముసాయిదాగా రాయించుకోవచ్చు, కానీ ఒక్క ప్రశ్ననూ చదవకుండా పంపకూడదు. రెండు సరైన జవాబులున్న ప్రశ్నలు, మన పాఠ్యపుస్తకంలో లేని పారిభాషిక పదాలు, సంధి పేరు తప్పిన వ్యాకరణ ప్రశ్నలు అందులో వచ్చే ప్రమాదం ఉంది. మీ తరగతి పిల్లలు చేసే తప్పులు దానికి తెలియవు. అవి తెలిసినది మీకే.

## పిల్లలకు పంపే ముందు

పేరు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తున్నారు. మార్కులు రిజిస్టరులో వేయడం కష్టమవుతోంది. ఏం చేయాలి?

పేరు మీద ఆధారపడకుండా రోల్ నంబరును ప్రధానంగా తీసుకోండి. షార్ట్ ఆన్సర్ ప్రశ్నలో "రెస్పాన్స్ వాలిడేషన్" తెరిచి, సంఖ్య 1 నుంచి 60 మధ్య మాత్రమే ఉండాలని నిబంధన పెడితే పొరపాట్లు తగ్గుతాయి. తరగతి సెక్షన్‌ను (ఎ, బి వంటివి) డ్రాప్‌డౌన్‌లో ఇవ్వండి. ఈ ప్రశ్నలకు మార్కులు సున్నా అని చూసుకోండి. ప్రశ్నల క్రమాన్ని కలగలపాలనుకుంటే, పేరు, రోల్ నంబరు వివరాలను ఫారం మొదటి సెక్షన్‌లో విడిగా ఉంచండి. ఆధార్ సంఖ్య, తండ్రి ఫోన్ నంబరు, పుట్టిన తేదీ స్లిప్ టెస్టుకు అవసరం లేదు కాబట్టి అడగవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ బాలలుగానే పరిగణిస్తుంది. అడగని సమాచారాన్ని కాపాడవలసిన భారం కూడా ఉండదు.

గ్రూపులో లింకు పెట్టాను, ఒక విద్యార్థి ప్రశ్నలే మార్చేశాడు! ఎలా సాధ్యమైంది?

మీరు ఫారం తయారుచేస్తున్న పేజీ చిరునామానే కాపీ చేసి పంపి ఉంటారు. అదీకాక, లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చన్న అనుమతి కూడా ఇచ్చి ఉంటారు. చివర "ఎడిట్" అన్న మాట ఉన్న చిరునామా ఉపాధ్యాయుడిది, "వ్యూఫారమ్" అన్న మాట ఉన్నది విద్యార్థిది. బ్రౌజరు పై పట్టీలోది కాకుండా, ఫారంలోనే ఉన్న పంపే మీట నొక్కి, అక్కడ ఇచ్చే లింకునే తీసుకోవాలి. పంపాక మీ ఖాతా లేని మరో ఫోన్‌లో తెరిచి, ఒకసారి పరీక్ష రాసి చూసి, ఆ నమూనా జవాబును తొలగించండి.

నాకు తెరుచుకుంటోంది, పిల్లలకు మాత్రం అనుమతి కావాలని వస్తోంది. ఎందుకు?

పాఠశాల లేదా సంస్థ ఇచ్చిన ఖాతాతో తయారుచేసిన ఫారాలు చాలాసార్లు ఆ సంస్థ ఖాతాలున్నవారికి మాత్రమే తెరుచుకుంటాయి. ఇంట్లో అమ్మ జీమెయిల్‌తో ఉన్న ఫోన్‌కు ఆ అనుమతి ఉండదు. ఎవరు జవాబివ్వవచ్చన్న చోట "లింకు ఉన్న ఎవరైనా" అని మార్చండి. సంస్థ నిర్వాహకులు ఆ మార్పును అనుమతించకపోతే సొంత ఖాతాలో కాపీ తయారుచేయాలి.

మార్కులు వెంటనే చూపించాలా, తర్వాత చూపించాలా?

సాధన కోసం పెట్టినదైతే వెంటనే చూపించాలి. తాను ఎక్కడ తప్పాడో పిల్లవాడికి గుర్తున్నప్పుడే వివరణ మనసుకెక్కుతుంది. మార్కులు లెక్కలోకి తీసుకునే పరీక్షలో మాత్రం వెంటనే చూపిస్తే, ముందు రాసినవారి తెర నుంచి కీ మొత్తం తీసిన ఫొటో నిమిషాల్లో గ్రూపులోకి వస్తుంది. అప్పుడు సెట్టింగ్స్‌లో "కరెక్ట్ ఆన్సర్స్" చూపే మీటను ఆఫ్ చేసి, అందరూ రాశాక ఆన్ చేయాలి. "లేటర్, ఆఫ్టర్ మాన్యువల్ రివ్యూ" ఎంచుకుంటే మార్కులు ఈమెయిల్‌లో వెళతాయి కాబట్టి దానికి ఈమెయిల్ సేకరణ తప్పనిసరి. జవాబుల సారాంశాన్ని అందరికీ చూపించే "వ్యూ రిజల్ట్స్ సమ్మరీ"ని పరీక్షలో ఎన్నడూ ఆన్ చేయకూడదు.

## పరీక్ష జరుగుతున్నప్పుడు

ఇరవై నిమిషాలకు దానంతట అదే ఆగిపోయేలా టైమర్ పెట్టవచ్చా?

ఒక్కో విద్యార్థికి విడిగా సమయం లెక్కించే టైమర్ గూగుల్ ఫారమ్స్‌లో అంతర్గతంగా లేదు. సమయం అయ్యాక జవాబుల స్వీకరణను మీరు ఆపేయవచ్చు. అయితే సగంలో ఉన్నవారి జవాబులు అందవు కాబట్టి, ఐదు నిమిషాల ముందే హెచ్చరించాలి. మైక్రోసాఫ్ట్ ఫారమ్స్ క్విజ్‌లో వ్యవధి పెట్టుకోవచ్చు. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం రెండూ నమోదవుతాయి. గూగుల్ ఫారమ్స్ జవాబులు పట్టికగా చేరే గూగుల్ షీట్‌లో కనిపించేది జవాబు పంపిన సమయం మాత్రమే. టైమర్ యాడ్-ఆన్‌లు దొరుకుతాయి కానీ, అవి మీ ఫారాలను, డ్రైవ్‌ను చూసే అనుమతి అడుగుతాయి. ఏమేమి అడుగుతున్నాయో చదివి, అవసరం ఎంతో తూచుకుని నిర్ణయించుకోవాలి.

పిల్లలు వేరే ట్యాబ్‌లో వెతికి రాస్తున్నారు. ఆపడం ఎలా?

ఇంటి దగ్గర రాసే పరీక్షలో పూర్తిగా ఆపలేము. క్విజ్ దాటి బయటకు వెళ్లనివ్వని లాక్డ్ మోడ్ ఉన్న మాట నిజమే కానీ, అది పాఠశాల నిర్వహణలో ఉన్న క్రోమ్‌బుక్‌ల (గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్‌ల) మీద, విద్యాసంస్థల ఖాతాలతోనే పనిచేస్తుంది. సాధారణ ఫోన్లకు అది వర్తించదు. ప్రశ్నల క్రమం, ఆప్షన్ల క్రమం కలగలపడం వల్ల "మూడోది బి" అని చెప్పుకోవడం మాత్రం ఆగుతుంది.

నిలకడైన పరిష్కారం ప్రశ్నలోనే ఉంది. నిర్వచనం అడిగితే వెతికితే దొరుకుతుంది. తప్పుగా చేసిన ఒక లెక్కను ఇచ్చి ఏ వరుసలో పొరపాటు ఉందని అడిగితే దొరకదు. ఇంటి దగ్గర రాసే దానికి మార్కులు ఇవ్వకుండా సాధనగానే ఉంచితే, కాపీ కొట్టవలసిన అవసరమే పిల్లలకు ఉండదు. అనుమానం వచ్చిన పిల్లవాడిని అందరి ముందు నిలదీయడం కన్నా, మర్నాడు దగ్గర కూర్చోబెట్టుకుని అదే ప్రశ్నను నోటితో చెప్పించుకోవడం మేలు. తెలిస్తే చెబుతాడు, తెలియకపోతే నేర్చుకుంటాడు.

మధ్యలో నెట్ పోతే రాసినదంతా పోతుందా?

గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ అయి రాస్తున్నవారి జవాబులు నెట్ ఉన్నంతవరకు డ్రాఫ్టుగా భద్రమవుతాయి, ఆ డ్రాఫ్టు 30 రోజుల వరకు ఉంటుంది. సైన్ ఇన్ కాకుండా రాసేవారికి ఆ రక్షణ లేదు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో పరీక్షను చిన్నగా ఉంచి, బొమ్మల పరిమాణం తగ్గించి, జవాబులను ముందు నోటు పుస్తకంలో రాసుకుని తర్వాత నొక్కమని చెప్పడం మంచిది.

అన్నాచెల్లెళ్లు ఒకే ఫోన్‌లో రాయాలి. రెండోవారికి ఇప్పటికే జవాబిచ్చారని వస్తోంది.

"లిమిట్ టు 1 రెస్పాన్స్" ఆన్‌లో ఉంటే, ఒక ఖాతాకు ఒక జవాబు మాత్రమే అందుతుంది. దాన్ని ఆఫ్ చేసి, ఒకే రోల్ నంబరు రెండుసార్లు వచ్చిందేమో షీట్‌లో చూసుకోండి. అలాంటి ఫోన్లలో ఒకరి డ్రాఫ్టు మరొకరికి కనిపించకుండా సెట్టింగ్స్‌లో ఆటోసేవ్‌ను నిలిపివేయడం కూడా అవసరం.

## పరీక్ష అయ్యాక

కీలో నేనే తప్పు చేశాను. అందరూ రాసేశారు. ఇప్పుడెలా?

ముందుగా తరగతికి ఆ సంగతి చెప్పండి. తర్వాత కీ సరిచేసి, రెస్పాన్సెస్‌లో "క్వశ్చన్" అన్న ట్యాబ్ తెరవండి. అక్కడ ఒకే జవాబు ఇచ్చినవారంతా ఒక గుంపుగా కనిపిస్తారు కాబట్టి, గుంపు మొత్తానికీ ఒకేసారి ఒప్పు గుర్తు పెట్టి సేవ్ చేయవచ్చు. ఇద్దరు ముగ్గురి మార్కులు విడిగా తెరిచి, సవరణ పడిందో లేదో నిర్ధారించుకున్నాకే రిజిస్టరులోకి ఎక్కించండి.

రెండు మూడు వాక్యాల్లో రాసే జవాబులకు మార్కులు ఎలా వేయాలి?

పారాగ్రాఫ్ రకం జవాబులను మీరే చదివి దిద్దాలి. ఒక్కొక్క విద్యార్థిని కాకుండా ఒక్కొక్క ప్రశ్ననూ తీసుకుని దిద్దితే, ఒకే కొలతతో అందరికీ మార్కులు పడతాయి. ప్రతి జవాబు కింద ఒక్క వాక్యమైనా వ్యాఖ్య రాయండి.

నెగటివ్ మార్కులు పెట్టవచ్చా?

ఫారంలో నేరుగా వీలుకాదు. షీట్‌లో సూత్రంతో లెక్కించవచ్చు: ప్రతి ప్రశ్నకు ఒక మార్కు అయితే, తప్పుల సంఖ్యను నాలుగుతో భాగించి వచ్చిన మార్కుల నుంచి తీసివేస్తే పావు మార్కు కోత అవుతుంది. ఖాళీగా వదిలినవాటిని తప్పుల్లో కలపకూడదు. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే ఇంటర్ విద్యార్థులకు ఇది అవసరం కావచ్చు కానీ, హైస్కూలు తరగతుల్లో కోత పెడితే పిల్లలు ప్రయత్నించడమే మానేస్తారు.

షీట్‌లో కొన్ని వరుసలు తీసేశాను, ఫారంలో మాత్రం ఇంకా ఉన్నాయి. ఎందుకు?

షీట్ జవాబుల నకలు మాత్రమే. అక్కడ తీసేసినది ఫారంలో పోదు. జవాబులు చేరే ట్యాబ్‌ను ముట్టుకోకుండా వదిలి, కూడికలు, క్రమాలు పక్కన మరో ట్యాబ్‌లో చేసుకుంటే లెక్కలు చెడవు.

ఫలితాలు వచ్చాయి, సగటు కూడా చూశాను. ఇంకా ఏం చూడాలి?

సగటు కన్నా ముందు సమ్మరీలో ఎక్కువమంది తప్పిన ప్రశ్నల జాబితా చూడాలి. తర్వాత ఆ ప్రశ్నల్లో ఒక్కో ఆప్షన్‌ను ఎంతమంది ఎంచుకున్నారో చూడాలి. నలభై మందిలో ఇరవై రెండు మంది తప్పారనుకుందాం. వారంతా ఒకే తప్పు ఆప్షన్‌ను ఎంచుకుంటే, పిల్లల మనసులో ఒక తప్పు నియమం బలంగా నాటుకుందని అర్థం. దాన్ని పేరు పెట్టి ప్రస్తావించి, అది ఎందుకు పనిచేయదో బోర్డు మీద చూపాలి. అదే ఇరవై రెండు మందీ మూడు తప్పు ఆప్షన్ల మధ్య సమంగా చెదిరితే, పాఠమే అందలేదని అర్థం. మళ్లీ మొదటి నుంచి, వేరే పద్ధతిలో చెప్పాలి. తరగతిలో బాగా చదివే పిల్లలు తప్పి, మిగతావారు ఒప్పుగా చేసిన ప్రశ్న కనిపిస్తే, ప్రశ్నలోనే అస్పష్టత ఉందేమో వెతకాలి.

ఈ మూడింటికీ మార్కుల సంఖ్య ఒకటే, కానీ మర్నాడు తరగతిలో చేయవలసిన పనులు మూడు వేర్వేరు. పది నిమిషాలు దీనికి కేటాయించని ఉపాధ్యాయుడికి ఆన్‌లైన్ పరీక్ష వల్ల ఆదా అయ్యేది కాగితం మాత్రమే. తప్పిన ప్రశ్న లాంటిదే మరొకటి వారం తర్వాత పెట్టి, ఈసారి ఎంతమంది ఒప్పుగా చేశారో పోల్చి చూడండి. ఆ అంకెను పిల్లలకు కూడా చెప్పండి.

ఇదే క్విజ్‌ను వచ్చే ఏడాది వాడుకోవచ్చా?

పాత ఫారంలో జవాబులు తుడిచి మళ్లీ వాడకుండా, "మేక్ ఎ కాపీ"తో కొత్తది తయారుచేయండి. కొన్ని ప్రశ్నలే కావాలంటే కొత్త ఫారంలో "ఇంపోర్ట్ క్వశ్చన్స్" నొక్కి పాత వాటి నుంచి ఎంచుకోవచ్చు. ఫారానికి పేరు పెట్టేటప్పుడే తరగతి, సబ్జెక్టు, పాఠం, సంవత్సరం రాసుకుంటే వెతకడం సులువు. పిల్లల మార్కులు రిజిస్టరులోకి చేరి, విద్యాసంవత్సరం ముగిశాక వారి పేర్లున్న జవాబులను తొలగించి, ప్రశ్నలను మాత్రం ఉంచుకోండి.